మబ్బు లేని నీళ్లు

కొందరికి తాగుడు వ్యసనం, కొందరికి పేకాట. మా ఆయన కుమారస్వామికి మట్టి. దారిలో ఎక్కడ నల్లగా కనిపించినా వంగి గుప్పెడు తీస్తాడు, నలుపుతాడు, వాసన చూస్తాడు, ఆఖరికి నాలుక మీద కూడా వేసుకుంటాడు. నన్ను చూడడానికి వచ్చిన రోజు మా ఇంటి ముందున్న పెంటదిబ్బను చూసినంత శ్రద్ధగా నా మొహం చూడలేదు. ఆ మాట ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంటాను.

మాది గోరంట్ల దగ్గర పల్లె. నేలంతా ఎర్ర గరుసు. వానొస్తే శనక్కాయ, రాకపోతే అదీ లేదు. ఎండాకాలం చెరువు ఎండినాక అడుగున మిగిలే నల్లటి ఒండ్రు తవ్వి చేలకు తోలుకోవడం మా పక్క ఆనవాయితీ. ఆ పనిలో ఊరందరికీ ముందు మా ఆయన. ఎక్కడ గట్టిపడింది, ఎక్కడ లోపల ఇంకా తడి దాక్కుంది, ఏ మట్టికి బలముంది అని కాలు పెట్టి చెప్తాడు. ఆయన కట్ట దిగి, నాలుగు పక్కలా నడిచి, 'రాండప్పా' అని చెయ్యి ఊపేదాకా ట్రాక్టరు చెరువులోకి దిగదు. మనిషి బక్కగా ఉంటాడు గానీ ఆ రోజు మాత్రం పెళ్లికొడుకు మాదిరి నడుస్తాడు. నాకూ గర్వంగానే ఉంటుంది. పైకి మాత్రం అనను, అంటే ఇంక పట్టలేం.

మా చెల్లెలు భాగ్య మొగుడు హిందూపురం వాడే, కానీ ఉద్యోగం సముద్రం పక్క ఊర్లో. వాళ్లకు బిడ్డ పుడితే పేరు పెట్టడానికి రమ్మని పిలిచారు. నేనూ, మా ఆయనా, ఆయన అక్క లక్ష్మక్కా ధర్మవరంలో రైలెక్కాం. లక్ష్మక్క ధర్మవరంలోనే మగ్గం నేస్తుంది. భాగ్య కోసం ఉల్లిపొర రంగు పట్టుచీర సొంతంగా నేసి తెచ్చింది. ఆ చీర సంచి ఆమె చంకలోంచి దిగితే ఒట్టు. రైల్లో పడుకున్నా దాన్నే తలకింద పెట్టుకుంది.

మేం చేరేసరికి చెల్లెలింట్లో కాలు పెట్టే చోటు లేదు, నిండా చుట్టాలు. పేరు పెట్టేది మరునాడు. భాగ్య మొగుడు డ్యూటీకి పోతూ అన్నాడు: "ఈడ ఇరుక్కోని ఏం చేస్తారు? ఊరి బయట మడ అడవి ఉండాది. నీళ్లమీద చెక్కల బాట కట్టినారు. అవ్వలు గూడా నడుస్తారు దాంట్లో, అంత సులువు. చిత్రాన్నం కట్టిస్తా, పోయి చూసి రాండి." అట్లా మమ్మల్ని ఆటో ఎక్కించాడు. లక్ష్మక్క చీర సంచి కూడా ఎక్కింది. ఆ ఇంట్లో అంతమంది మధ్య దాన్ని వదలడానికి ఆమెకు మనసు రాలేదు.

గేటు దగ్గర కాపలా మనిషి టికెట్టు చించి ఇస్తూ, ముఖం కూడా ఎత్తకుండా అప్పజెప్పాడు: "పువ్వులు కొయ్యకూడదండి, కవర్లు పడేయకూడదండి, చెక్కబాట మీద నుంచి కిందకి దిగకూడదండి, అయిదుకి గేటు మూసేస్తామండి." అన్నీ ఒకే గొంతుతో అన్నాడు. పువ్వు కోస్తే ఏమవుతుందో, కిందకి దిగితే ఏమవుతుందో తేడా ఆ గొంతులో లేదు. ఆ మనిషి మీద నాకు ఈ రోజుకీ కోపం పోలేదు.

లోపలికి పోయాక మాత్రం ముగ్గురం నోరు తెరిచాం. చెక్కల కిందంతా నీళ్లే. ఆ నీళ్లలోనే చెట్లు, దగ్గర దగ్గరగా, ఆకాశం కనపడనంత గుబురుగా. మా ఆయన బాట పక్క కటకటాలు పట్టుకుని వంగి చూస్తున్నాడు. "ఇన్ని నీళ్లు! ఈడ మనుషులకు ఇంకేం కావాల?" అన్నాడు. ఆ మాటలో అసూయ ఉంది. మా చేను బోరు అంతకుముందు ఏడాదే ఎండిపోయింది.

కొంతదూరం పోయాక గాలి ఆగిపోయింది. ఎండ లేదు, అయినా చెమట. పక్షుల చప్పుడు కూడా వెనకే ఉండిపోయింది. మా ముందు పోయిన ఒకరిద్దరు కుర్రజంటలు ఫొటోలు తీసుకుని తిరుగుముఖం పట్టారు. ఆ తర్వాత మా ముగ్గురి చెప్పుల టకటక తప్ప ఇంకేం లేదు. నీళ్లు చూస్తే కదలడం లేదు, కానీ పైన పడిన పండుటాకు మాత్రం మెల్లగా ఒకవైపు పోతోంది. ఎవరో కింద నుంచి లాగుతున్నట్టే పోతోంది. నాకు నచ్చలేదు. చెప్తే నవ్వుతారని ఊరుకున్నాను.

లక్ష్మక్క ఒక చెట్టు దగ్గర ఆగింది. నీళ్లకు పైన, మానుమీద బురద మరక అడ్డంగా ఒక గీత. పక్క చెట్టుకూ అదే ఎత్తున, దాని పక్కదానికీ అదే ఎత్తున. "ఏందే హేమా, అంచు నేసినట్ల ఉండాది? ఎవురు గీసినారు?" అంది. నేసే మనిషి కదా, సమంగా ఉండేది ఏదైనా ఆమె కంట పడుతుంది. నేను పట్టించుకోలేదు. మా ఆయన అసలు వినలేదు.

బాట చివర చెక్కలతోనే కట్టిన మంచె లాంటిది ఉంది. పడవ ఎక్కడానికి కాబోలు, దాని పక్కనుంచి కిందకి మెట్లున్నాయి. అడ్డంగా ఒక తాడు కట్టారు గానీ అది ఊడి వేలాడుతోంది. అక్కడ కూర్చుని చిత్రాన్నం తిన్నాం. రాత్రంతా రైల్లో వచ్చిన అలసట, నీళ్లపక్క చల్లదనం, కడుపునిండా తిండి. ముగ్గురం కాళ్లు చాపాం. నిద్ర ఎప్పుడు పట్టిందో తెలియదు.

లేచేసరికి నీళ్లు లేవు.

తమాషాకి చెప్పడం లేదు. పొద్దున చెక్కల కింద నిండుగా ఉన్న నీళ్లు ఒక్క చుక్క లేకుండా పోయాయి. ఎక్కడ చూసినా నల్లటి బురద, అందులోంచి జొన్న కోసిన చేన్లో కొయ్యకాళ్ల మాదిరి లక్షల కొద్దీ వేళ్లు పైకి పొడుచుకుని ఉన్నాయి. బురద మీద ఎర్ర పీతల మధ్య బొటనవేలంత చేపలు నడుస్తున్నాయి. అవును, నడుస్తున్నాయి. ముందర రెక్కలు ఊని, గెంతి, ఆగి, మమ్మల్ని చూస్తున్నాయి.

"ఇంకిపాయ," అన్నాడు మా ఆయన. గొంతులో దిగులు. "చూస్తివా, ఈడ గూడా నీళ్లు నిలబడవు. నీళ్లు పోతాయని తెలిసి ఈ చేప నడక నేర్చుకుండాది చూడు పాపం."

నీళ్లు పోవడమే మాకు తెలుసు. పోయిన నీళ్లు వానకాలం దాకా రావు, ఒక్కోసారి ఆ తర్వాత ఏళ్లకు గానీ రావు. ఆ ఎండిపోయిన చెరువును చూసే కళ్లతోనే ముగ్గురం ఆ బురదను చూశాం. అందుకే ఆయన మెట్లు దిగుతుంటే నేను ఆపలేదు. "చీరలకు అంటుకుంటాది, మా మింద చల్లాకు" అని మాత్రం అన్నాను.

ఆయన చివరి మెట్టు మీద కూర్చుని చెయ్యి చాపి గుప్పెడు తీశాడు. నలిపాడు. వాసన చూశాడు. నాలుక మీద వేసుకుని ఉమ్మాడు. "ఉప్పగా ఉండాది," అన్నాడు. "అయినా శానా బలమైన మట్టి. రెండు వానలు పడితే ఉప్పు దిగిపోతాది. ఒక్క సంచెడు తీసుకుపోయి నిమ్మచెట్టు మొదట్లో పోసి చూస్తా."

"రైల్లో బురద మోస్తావా? నీకేమన్నా పిచ్చా?" అన్నాను.

"ఆ సంచి ఇట్ల పారెయ్యి," అన్నాడు. చిత్రాన్నం తెచ్చిన గుడ్డసంచి విసిరాను. నా చేతులతో నేనే విసిరాను.

మెట్ల దగ్గర మట్టి కంటే ఇంకా మంచిది కావాలనిపించింది ఆయనకు. మా చెరువులో అయితే మంచి ఒండ్రు ఎప్పుడూ లోతులోనే, నీళ్లు ఆఖరున నిలిచిన చోటే ఉంటుంది. ఇక్కడా అంతే అనుకున్నాడు. కొంచెం దూరంలో కాలువ మాదిరి ఒక పల్లం ఉంది. పంచె ఎగ్గట్టి, వేళ్ల మధ్య కాలు చూసుకుంటూ, చెరువులో నడిచినట్టే కులాసాగా నడిచిపోయాడు. మొదట మడమ దాకా దిగింది. తర్వాత పిక్క దాకా. పల్లంలో వంగి రెండు చేతులా సంచి నింపుతుంటే, అది నల్ల వెన్న అని కేక వేసి మరీ చెప్పాడు. మొహం వెలిగిపోతోంది. ఆ మొహాన్ని నేను మరిచిపోలేను.

సంచి భుజాన వేసుకుని కాలు ఎత్తబోయాడు. కాలు రాలేదు. నవ్వాడు. రెండో కాలు ఎత్తబోయాడు. అప్పటికి మోకాళ్లు కనపడడం లేదు.

"ఏమబ్బా, ఇరుక్కున్యావా?" అంది లక్ష్మక్క, ఇంకా వేళాకోళంగానే.

"ఏం గాదులేక్కా. కొంచెం లోతుండాది. వస్తాండా."

రాలేదు. ఒక కాలు లాగడానికి బలం పట్టినప్పుడల్లా రెండోది దిగుతోంది. మా చెరువులో అడుగున ఎక్కడో ఒకచోట గట్టి నేల తగులుతుంది. ఇక్కడ తగలడం లేదు. తొడల దాకా దిగాక ఆయన నవ్వడం మానేశాడు. నేను మెట్ల మీదకు దిగాను. "రావాకు!" అని అరిచాడు. "నువ్వు రావాకు హేమా. ఆడే ఉండు."

అప్పుడు నాకు ఒక సంగతి కనిపించింది. ఆ నడిచే చేపలు ఒక్కటీ లేవు. అంతసేపూ బురదంతా తిరిగిన ఎర్ర పీతలు బొక్కల్లోకి దూరిపోయాయి. ఎక్కడి నుంచో బియ్యం కడుగుతున్నట్టు సన్నటి చప్పుడు వస్తోంది.

మా ఆయన వెనక, కాలువ మలుపు దగ్గర, నీళ్లు.

ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది గానీ చెప్తాను. ఆ నీళ్లు చూడగానే నాకు ముందు సంతోషం వేసింది. పుట్టినప్పటి నుంచి వచ్చిన అలవాటు అది. వంకలో కొత్తనీళ్లు వస్తే పరుగెత్తుకుని పోయి చూసే ఊరు మాది. లక్ష్మక్క చంకలో సంచి అట్లాగే పట్టుకుని రెండు చేతులూ జోడించింది. "గంగమ్మ తల్లీ," అంది. మా ఆయన మెడ తిప్పి చూశాడు. చూసి, వెంటనే తలెత్తి ఆకాశం చూశాడు. అక్కడ ఒక్క మబ్బు తునక లేదు. ఎంత వెతికినా లేదు.

"మబ్బు లేకుండా నీళ్లు యాడనుంచి వస్తాండాయి?" అన్నాడు.

 నీళ్లు మాత్రం తొందర లేకుండా వస్తున్నాయి. వరద మాదిరి ఉరకడం లేదు. వెడల్పు అవుతున్నాయి, అంతే. ఆయన వెనక నుంచి వచ్చి, రెండు పక్కలా చీలి, మాకూ ఆయనకూ నడుమ కలిసిపోయాయి. ఆ తర్వాతనే ఆయన నడుమును తాకాయి.

లక్ష్మక్క చేతులు దించింది. ఆమె చూపు నీళ్ల మీద లేదు. ఆయన పక్కనున్న చెట్టు మీద ఉంది. ఆ మాను మీద పొద్దున చూసిన బురద గీత ఉంది. ఇప్పుడు కింద నుంచి చూస్తే అది మా ఆయన తలకు పైన, చెయ్యెత్తితే గానీ అందనంత పైన ఉంది. ఆ గీత ఎవరు గీశారో అప్పుడు అర్థమైంది. 

అరిచాను. గేటు దాకా వినపడాలని అరిచాను. ఎవరైనా సరే, మనిషి అన్నవాడు ఎవడైనా సరే అని అరిచాను. ఆ చెట్లు నా గొంతును అక్కడికక్కడే మింగేశాయి. ఫోనులో సిగ్నలు లేదు. పరుగెత్తిపోయి కాపలా మనిషిని పిలుచుకుని వద్దామంటే బాట చాలా పొడవు. నేను పోయి వచ్చేసరికి ఆయన ఉంటాడో లేడో. ఆయన్ను చూడకుండా ఒక్క నిమిషం ఉండడం నా వల్ల కాలేదు.

"సంచి పారెయ్యి!" అని ఏడ్చాను. నీళ్లు రొమ్ము దాకా వచ్చినా ఆయన ఆ మట్టి సంచిని ఇంకా భుజాన మోస్తున్నాడు. వంక దాటేటప్పుడు మూట తడవకుండా ఎత్తి పట్టుకున్నట్టు దాన్ని తల మీదకు ఎత్తాడు. "పారెయ్యమంటాండా గదా, నీ మట్టి మన్ను గాను!"

ఆయన నన్ను చూశాడు. సంచిని చూశాడు. మెల్లగా వదిలాడు. అది వచ్చిన చోటికే పోయింది.

ఆ వెనకే లక్ష్మక్క చేతిలో ఉల్లిపొర రంగు తళుక్కుమంది. భాగ్య చీర. మడత మీద మడత విప్పేస్తోంది. ఒక కొస కటకటానికి ముడి వేసింది. మగ్గం మీద పోగు ముడివేసే మనిషి, ఆ ముడి ఊడదు. రెండో కొసను తడిపి ఉండ చుట్టి విసిరింది. మొదటిసారి అందలేదు. లాగి మళ్లీ విసిరింది. అప్పుడూ అందలేదు. నేను తీసుకుని మెట్ల మీద నీళ్లలోకి దిగి, నడుము దాకా దిగి, ఉన్న బలమంతా పెట్టి విసిరాను. ఆయన వేళ్లకు తగిలింది.

"చంకల కింద చుట్టుకో," అంది లక్ష్మక్క. "నేను నేసిందిరా అది. తెగదు."

తెగలేదు. కానీ ఆయనా రాలేదు. మేమిద్దరం ఎంత లాగినా బురద ఆయన కాళ్లను వదలలేదు. లాగినప్పుడల్లా ఆయన మొహం నొప్పితో వంకర పోతోంది. ఇంక లాగకుండా ఊరికే బిగించి పట్టుకున్నాం. నీళ్లు మెడకు వచ్చాయి. ఆయన గడ్డం పైకెత్తి, కళ్లు ఆకాశంలోనే పెట్టుకుని ఉన్నాడు. ఇంకా మబ్బు కోసమే వెతుకుతున్నాడని నాకు తెలుసు.

ఆయన్ను ముంచబోయిన నీళ్లే పడవను కూడా తెచ్చాయి. పీతల బుట్టలు తీసుకోవడానికి నీళ్లతోపాటు లోపలికి వస్తున్న ఒక ముసలాయన నా కేకలు విన్నాడు. తెడ్డు వేసుకుంటూ వచ్చి, ఏమీ అడగకుండా, పడవలోని పలకను మా ఆయన రొమ్ము కిందకు తోశాడు. "ముందుకి పడుకో నాన్నా, నిలబడకు. బలంతో వచ్చేది కాదిది, మెల్లగా, ఒక్కో కాలూ ఆడించు," అన్నాడు. ఎంతసేపు ఆడించాడో తెలియదు. నీళ్లు మూతికి తగులుతుండగా ఒక కాలు వచ్చింది. రెండోది వచ్చేసరికి మా ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. పడవలోకి లాగితే చాలాసేపు దగ్గాడు. ఆ దగ్గు వినడం కంటే నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

"దిగినోళ్లు ఏ ఊరోళ్లండీ?" అన్నాడు ముసలాయన. కోపం దాచుకోలేదు. "సముద్రం నీరు రోజూ ఎక్కుద్ది, రోజూ తీసేద్ది. రెండేసి సార్లు. చంటిపిల్లలకి కూడా తెలుసు ఇక్కడ."

మా ఆయన తల తిప్పి ముసలాయన్ను చూశాడు. "దినామూనా?" అన్నాడు. "మబ్బు లేకపోయినా?"

ముసలాయన మా ముగ్గురి మొహాలూ చూశాడు. ఇంక తిట్టలేదు.

మరునాడు బిడ్డకు పేరు పెట్టారు. భాగ్యకు చీర లేదు. అది బురదలో నాని, ముడి దగ్గర పోగులు లేచి, పనికి రాకుండా పోయింది. లక్ష్మక్క దాన్ని ఉతికి ఆరేసి మళ్లీ సంచిలో పెట్టుకుంది. ఇంకొకటి నేసిస్తానని చెల్లెలికి మాట ఇచ్చింది. ఈ పాతదాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వదట.

ఊరికి వచ్చాం. ఎండలు ముదిరాయి. చెరువు అడుగు దాకా ఎండి నెర్రెలు విచ్చింది. ఒండ్రు తోలే రోజు వచ్చింది. ట్రాక్టర్లు కట్ట మీద వరసగా ఆగాయి. గంపలు, పారలు పట్టుకుని ఊరంతా నిలబడి మా ఆయన దిగడం కోసం చూస్తోంది.

ఆయన కట్ట మీద నిలబడ్డాడు. పంచె ఎగ్గట్టాడు. ఒక అడుగు కిందకి వేసి, వెనక్కి తీసుకున్నాడు.

"ఏమప్పా కుమారా, దిగు మల్ల! పొద్దెక్కుతాండాది," అన్నాడు ట్రాక్టరు బసవరాజు.

ఆయన దిగలేదు. చెరువు వైపు కూడా చూడడం లేదు. దూరంగా వంక వచ్చే దిక్కు చూస్తున్నాడు. ఆ వంకలో చుక్క నీరు పారి నాలుగేళ్లయింది, పైన పడ్డ వానే చెరువుకు ఆధారం. అందులో తుమ్మచెట్లు మొలిచి పెద్దవయ్యాయి. అయినా కన్నార్పకుండా అటే చూస్తున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.  పెళ్లికొడుకు మాదిరి నడిచే మనిషి ఇంకో అడుగు వెనక్కి వేశాడు. ఆయన మొహం అందరికీ కనపడకుండా నేను అడ్డం నిలబడ్డాను.

"ఆయనకు జ్వరం. నేను చూసి చెప్తా," అని గంప అందుకున్నాను.

కట్ట దిగాను. ఇన్నేళ్లు ఆయన వెనక నడిచాను కదా, ఎట్లా కాలు పెట్టాలో కొంచెం తెలుసు. నెర్రెలు విచ్చిన నేల కాళ్ల కింద పటపటలాడింది. గట్టిగా ఉంది. ఎక్కడా తడి లేదు. చెరువు నడిమధ్యకు పోయాను, నీళ్లు ఆఖరున నిలిచిన పల్లం దగ్గరకు. వంగి గుప్పెడు తీశాను.

"హేమా!" ఆయన కేక కట్ట మీద నుంచి వచ్చింది. ఊరంతా విన్నది. "ఎనక్కి చూస్తా ఉండు మే! ఎనక్కి చూస్తా ఉండు!"

మళ్లీ నవ్వులు వినపడ్డాయి. తలెత్తి చూశాను, ఆకాశంలో మబ్బు తునక లేదు. మా చెరువుకు సముద్రం ఎన్ని జిల్లాల అవతల ఉందో నాకు తెలుసు. ఇక్కడికి నీళ్లు రావని కూడా తెలుసు.

చేతిలోని మట్టి అట్లాగే పట్టుకుని, వెనక్కి తిరిగి చూశాను.